ప్రభుత్వ కాంట్రాక్టు పనులపై పౌర పర్యవేక్షణ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం అడగాలి

పంచాయతీలో సీసీ రోడ్డు వేసినా, గెడ్డ (వాగు) మీద కల్వర్టు కట్టినా, చెరువు మదుము (తూము) మార్చినా ఆ పనికి తనిఖీలు లేవని ఎవరూ అనలేరు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలుస్తారు, ఆయన పై అధికారి డీఈఈ ఆ కొలతలను సరిచూస్తారు, క్వాలిటీ కంట్రోల్ విభాగం నమూనాలు తీస్తుంది, బిల్లు చెల్లించే కార్యాలయం లెక్కలు చూస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో ఆడిట్ వస్తుంది. అయితే వీటిలో మొదటి మూడూ ఇంజనీరింగ్ శాఖల లోపలి ఏర్పాట్లే. బిల్లు చూసే కార్యాలయం కాగితం దాటి బయటకు రాదు. కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చే నాటికి రోడ్డు మీద కంకర తేలి ఉంటుంది. పనితో గాని, దాని డబ్బుతో గాని ఏ సంబంధమూ లేని మనిషి, పని జరుగుతున్న రోజుల్లోనే వచ్చి, కాగితంలో రాసినదాన్నీ నేల మీద ఉన్నదాన్నీ పోల్చి చూడటం ఈ వరుసలో ఎవరి వంతూ కాదు. ఆ వంతు తీసుకోదలచిన ఊరివాళ్ల కోసం, పట్టణాల్లో వార్డులవాళ్ల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసిన మాట కాలం గురించి. మన ప్రాంతంలో అర్జీలు ఎక్కువగా పని పూర్తయి, బిల్లు చెల్లించి, రోడ్డు పగిలిన తర్వాత పడుతుంటాయి. అప్పటికి ప్రభుత్వం చేతిలో మిగిలేది బిల్లుల్లోంచి పట్టి ఉంచిన కాస్త డిపాజిట్టు మాత్రమే. చివరి బిల్లుకు ముందు రాతపూర్వకంగా అడిగిన ఒక్క ప్రశ్నకు ఉండే బరువు, చెల్లింపు అయ్యాక ఇచ్చిన పది ఫిర్యాదులకు ఉండదు. ఎందుకంటే ఆ ప్రశ్న ఫైలులో ఉండగా బిల్లు మీద సంతకం చేయడానికి ఏ ఇంజనీరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఎవరితో కలిసి చేయాలి

ఒక్కరే దిగవద్దు. నలుగురైదుగురు చాలు. వారిలో ఒక తాపీ మేస్త్రీ తప్పక ఉండాలి; నా అభిప్రాయంలో ఈ పనికి వకీలు కంటే మేస్త్రీ ఎక్కువ ఉపయోగం. లెక్కలు రాయగల రిటైర్డ్ ఉపాధ్యాయులు ఒకరు, ఫోనులో పోర్టళ్లు చూడగల యువతీయువకులు ఇద్దరు ఉంటే బృందం కుదిరినట్లే. కాంట్రాక్టర్లు, వారి దగ్గరి బంధువులు, ఆ పనికి ట్రాక్టర్లో ఇసుకో కంకరో తోలుతున్నవారు ఇందులో ఉండకూడదు. టెండరు దక్కని కాంట్రాక్టరు ఒకరు కాగితాల కట్ట పట్టుకొని మీ ఇంటికి వచ్చే రోజు ఒకటి తప్పకుండా వస్తుంది. కాగితాలు చూడండి, అందులోని ప్రతి అంశాన్నీ సమాచార హక్కు ద్వారా మీరే మళ్లీ అధికారికంగా తెప్పించుకోండి, కానీ ఆయన బండి ఎక్కవద్దు. ఆయన బండిలో వెళ్లి కొలిచిన కొలత ఎంత నిజమైనదైనా, మర్నాటికి అది పోటీదారు చేయించిన కొలతగానే ఊళ్లో చెలామణి అవుతుంది.

ఏ ఆఫీసు తలుపు తట్టాలి

రోడ్డు ఒక్కటే అయినా అది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిదా, రోడ్లు భవనాల శాఖదా, మున్సిపాలిటీదా అన్నది ముందు తేలాలి. పని దగ్గర బోర్డు ఉంటే శాఖ పేరు, అంచనా మొత్తం, కాంట్రాక్టరు, గడువు అందులో దొరుకుతాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు బోర్డుతో పాటు మరో సౌకర్యం ఉంది: ఆ రోడ్డును ఐదేళ్లపాటు నిర్వహించే బాధ్యత కాంట్రాక్టరుదే, ఫొటోతో ఫిర్యాదు చేయడానికి ‘మేరీ సడక్’ యాప్ ఉంది. పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధులతో చేసిన పనుల ప్రణాళిక, చెల్లింపులు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరికైనా కనిపిస్తాయి. దానికి దరఖాస్తు కూడా అక్కర్లేదు.

రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఈ మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారాయి. అంతకుముందు మొదలైన పనుల ఫైళ్లు పాత జిల్లా కార్యాలయంలోనే ఉండిపోయి ఉండవచ్చు. పాలకొండ, పార్వతీపురం వైపు పనులకూ ఇదే చిక్కు, అవి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. ‘మా దగ్గర లేదు, అక్కడ అడగండి’ అని నోటితో పంపేస్తే వెనుదిరగవద్దు. సమాచారం మరో కార్యాలయంలో ఉంటే దరఖాస్తును ఐదు రోజుల్లోగా అక్కడికి పంపి, ఆ సంగతి మీకు తెలియజేయవలసిన బాధ్యత సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందుకున్న కార్యాలయానిదే.

టెండరు దశలో చూడవలసినవి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది కాబట్టి, టెండరు ప్రకటనలను ఆన్‌లైన్‌లో చూడటం మన రాష్ట్రంలో కొత్త సంగతి కాదు. ప్రకటన కనిపించిన రోజే దాన్ని దించుకొని దాచుకోవాలి, తర్వాత గడువులు, షరతులు మారితే పోల్చుకోవడానికి అదే ఆధారం. అర్హత షరతులను నిదానంగా చదవండి. చిన్న డ్రెయిన్ పనికి ఫలానా రకం ప్లాంటు సొంతంగా ఉండాలనో, ఫలానా జిల్లాలోనే అనుభవం ఉండాలనో రాసి ఉంటే, ఆ షరతు పని కోసం పెట్టారా, మనిషి కోసం పెట్టారా అని అడగవలసి వస్తుంది. ఒకే రోడ్డును మూడు ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క అంచనాను టెండరు అవసరం లేని పరిమితికి కాస్త కిందుగా ఉంచి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా ఇవ్వడం మరో పాత పద్ధతి. అంచనాలన్నీ ఒకే తేదీన మంజూరై, రోడ్డు చైనేజీ (ఎన్నో మీటరు నుంచి ఎన్నో మీటరు దాకా అన్న లెక్క) మాత్రం ఒకదాని చివర మరొకటి మొదలవుతుంటే విషయం తేటతెల్లమే.

ధర విషయంలో కాంట్రాక్టర్ల భాషే మనమూ నేర్చుకోవాలి. అంచనా కంటే ఎక్కువకు వేస్తే ‘ఎక్సెస్’, తక్కువకు వేస్తే ‘లెస్’. ఎక్సెస్ మీద అందరి కళ్లూ ఉంటాయి గాని, నా దృష్టిలో విపరీతమైన లెస్ అంతకంటే అనుమానించదగినది. పాతిక ముప్పై శాతం లెస్‌కు పని పట్టినవారు ఆ లోటును సిమెంటులోనో, మందంలోనో, తర్వాత అదనపు ఐటమ్‌ల పేరుతోనో రాబట్టుకోక తప్పదు. అందుకే అలాంటి పనులను మీ జాబితాలో ముందు పెట్టుకోండి. ఇక ముగ్గురు టెండర్లు వేసి, మూడు ధరలూ అంచనాకు అటూఇటూ కొద్ది తేడాతో ఉండి, వరుస పనుల్లో ఆ ముగ్గురే వంతులవారీగా గెలుస్తుంటే దాన్ని రింగు అంటారు. 2002 నాటి కాంపిటిషన్ చట్టం 3వ సెక్షన్ కింద అది నేరుగా నిషిద్ధం. ఒక్క పనిని చూసి రింగు ఉందని చెప్పలేం. ఒకే డివిజన్‌లో రెండు మూడేళ్ల టెండర్ల ఫలితాలను వరుసగా రాసుకుంటేనే వంతులు బయటపడతాయి.

ఫిలిప్పీన్స్‌లో 2003లో చేసిన చట్టం టెండర్ల కమిటీ సమావేశాలకు పౌర సంఘాల పరిశీలకులను పిలవాలని చెప్పింది. మన దేశంలో ఓఎన్‌జీసీ 2006లో అనుసరించిన ఇంటెగ్రిటీ ప్యాక్ట్ (లంచం ఇవ్వం, తీసుకోం అని ఇరువైపులా రాసుకొనే ఒప్పందం) పద్ధతిలో పెద్ద సంస్థల టెండర్లకు స్వతంత్రులైన బయటి పరిశీలకులు ఉంటారు. టెక్కలిలోనో చీపురుపల్లిలోనో జరిగే ముప్పై లక్షల పనికి అలాంటివారు రారు. ఇక్కడ మన చేతిలో ఉన్న సాధనం సమాచార హక్కు చట్టమే.

దరఖాస్తు ఎలా రాయాలి

గ్రామ స్థాయి కార్యాలయానికి మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఏ స్థాయిలోనూ రుసుము లేదు. కారణం చెప్పమని ఎవరూ అడగకూడదు, అది 6(2) సెక్షన్. ‘ఇంత నాసిరకంగా ఎందుకు వేశారు?’ అని అడిగితే దానికి జవాబు ఇవ్వనక్కర్లేదని తేలికగా తిప్పి పంపుతారు, కార్యాలయంలో ఉన్న రికార్డును ఇవ్వడమే చట్టం చెప్పేది కాబట్టి. అందువల్ల ప్రశ్నలు మాని పత్రాలను పేరుపెట్టి అడగాలి. సంబంధిత డివిజన్ కార్యనిర్వాహక ఇంజనీరు కార్యాలయపు పౌర సమాచార అధికారికి ఇలా రాయవచ్చు:

‘ఫలానా పంచాయతీలో ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు జరుగుతున్న సీసీ రోడ్డు పనికి సంబంధించి పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, వివరమైన అంచనా, ఒప్పంద పత్రం, పనికి చెందిన ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్షల ఫలితాలు, ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు, గడువు పొడిగింపు ఉత్తర్వులు, అంచనాకు మించిన లేదా అదనంగా చేర్చిన ఐటమ్‌ల వివరాలు ధ్రువీకరించిన నకళ్లుగా ఇవ్వగలరు. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం పనిని స్వయంగా పరిశీలించడానికి, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి తేదీ, సమయం తెలియజేయగలరు.’

ఈ చివరి వాక్యాన్ని వదిలిపెట్టవద్దు. 2(జె)లో కాగితాలతో పాటు పనుల పరిశీలన, సామగ్రి నమూనా కూడా హక్కులుగా ఉన్నాయని చాలామంది దరఖాస్తుదారులకే తెలియదు. నమూనా అడిగిన దరఖాస్తు వచ్చిందని తెలిసిన పని చోటుకు కంకర కాస్త శుభ్రంగా రావడం మొదలవుతుంది.

జవాబుకు 30 రోజుల గడువు. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పేజీల ఖర్చు వసూలు చేయకూడదు. ‘ఇది కాంట్రాక్టరు వ్యాపార రహస్యం’ అన్న జవాబు వస్తే, 8(2) సెక్షన్ ప్రజాప్రయోజనాన్ని పైన నిలబెడుతుందని, నిజంగా దాచవలసిన భాగం ఏదైనా ఉంటే దాన్ని తీసివేసి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతోందని అప్పీలులో రాయండి. సిమెంటు కాంక్రీటు మందంలో వ్యాపార రహస్యం ఏముంటుంది?

30 రోజులు అనేది రోడ్డు పనికి చాలా పెద్ద కాలం. వారం రోజుల్లో వీధి మొత్తం పోసేస్తారు. కాబట్టి టెండరు ప్రకటన వచ్చినప్పుడే అంచనా కోసం ఒక దరఖాస్తు, పని మొదలయ్యాక ఎం-బుక్ కోసం మరో దరఖాస్తు వేరువేరు పేర్లతో వేయడం మంచిది. దీనివల్ల ఒక్కరి మీదే ఒత్తిడి పడదు.

అంచనా, ఎం-బుక్, నేల

వివరమైన అంచనా అంటే పనిని ఐటమ్‌లుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి పరిమాణం, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ధర రాసిన పత్రం. ఎం-బుక్ అంటే జరిగిన పనికి ఏఈ రాసే కొలతల పుస్తకం. దాని పేజీలకు ముందే అంకెలు వేసి ఉంటాయి; కొట్టివేతలు ఉంటే పక్కన సంతకం ఉండాలి, చెరిపి రాయకూడదు. ఒక్కో వరుసలో ఐటమ్ పేరు, సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, చివర పరిమాణం ఉంటాయి. నకలు చేతికి రాగానే మూడు చోట్ల చూడండి: కొలిచిన తేదీ, డీఈఈ సరిచూసినట్లు ఉన్న సంతకం, అంకెలు మరీ గుండ్రంగా ఉన్నాయా అన్నది. వంకరటింకర వీధిలో ప్రతి ముప్పై మీటర్లకూ వెడల్పు 3.00 అనే ఉంటే, ఆ కొలత టేపుతో వచ్చిందో బల్ల మీద కూర్చొని వచ్చిందో ఆలోచించాలి.

ఇప్పుడు లెక్క. 200 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 90 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం సగటున 12 సెంటీమీటర్లే పడితే 72 ఘనపు మీటర్లు. మాయమైన 18 ఘనపు మీటర్లకు, ఒకటి–ఒకటిన్నర–మూడు పాళ్లలో ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల చొప్పున 144 బస్తాల సిమెంటు ఒక్క వీధిలో మిగులుతుంది. ఇసుక, కంకర, కూలి వేరు.

ఆ మూడు సెంటీమీటర్లు ఎక్కడ పోతాయో అంచున కొలిస్తే తెలియదు. వీధికి రెండు వైపులా నిలబెట్టిన ఇనుప ఛానల్ పూర్తి ఎత్తుతోనే ఉంటుంది, ఛానల్ ఆనుకొని ఉన్న కాంక్రీటు కూడా పూర్తి మందంతోనే ఉంటుంది. అడుగున పరచిన గ్రావెల్‌ను మాత్రం మధ్యలో ఉబ్బుగా వదిలేస్తారు. కాబట్టి కాంక్రీటు పోయకముందే ఒక ఛానల్ పై అంచు నుంచి ఎదుటి ఛానల్ పై అంచుకు దారం బిగించి, వీధి నడిమధ్య దారం నుంచి నేల దాకా స్కేలుతో కొలవండి. ప్రతి పది మీటర్లకూ ఒకసారి కొలిచి, ఎవరి ఇంటి ఎదుటో గుర్తు రాసుకొని, స్కేలు కనిపించేలా ఫొటో తీయండి. వీధికి మధ్యలో కాస్త ఎత్తు ఇవ్వడం డిజైనులో ఉంటే పై ఉపరితలం కూడా అంతే లేవాలి. అది అంచనాలోని బొమ్మలో ఉంటుంది. పోసేశాక అయితే కోర్ కటింగ్ (గట్టిపడిన కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి చూడటం) ఒక్కటే దారి, దాన్ని శాఖే చేయాలి, మీరు మీ సమక్షంలో చేయమని రాతపూర్వకంగా అడగవచ్చు. తర్వాత మడులు కట్టి నీళ్లు నిలబెట్టారా, ఎన్ని రోజులు నిలబెట్టారు అన్నది ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వ కూడా చెప్పగలదు, ఆమె మాటను తేదీతో రాసుకోండి.

పని చోట గొంతు పెంచవద్దు, పని ఆపవద్దు, సామగ్రి మీద చేయి వేయవద్దు. కొలవడం, రాసుకోవడం, ఏఈకి ఆ రోజే ఫోను మెసేజ్ పంపడం, ఇంతవరకే మన హద్దు.

సీసీ రోడ్డు కంటే కష్టమైనది చెరువు పని. పూడిక తీత, గట్టు పటిష్ఠత పేరిట చేసిన మట్టిపని ఒక్క వానాకాలం గడిస్తే ఆనవాలు లేకుండా పోతుంది. అందుచేత ఇక్కడ అసలు పత్రం పని మొదలుకాకముందు తీసిన లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు. ముందు లెవెల్స్, తర్వాత లెవెల్స్ రెండూ అడగండి. ముందు లెవెల్స్ లేని మట్టిపనికి పరిమాణం ఎలా వచ్చిందన్నదే మొత్తం ప్రశ్న. ఐదు వేల చదరపు మీటర్ల చెరువు భాగంలో సగటు లోతును 15 సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే 750 ఘనపు మీటర్లు, అంటే రెండున్నర వందలకు పైగా ట్రాక్టర్ లోడ్ల మట్టి కాగితం మీద కదులుతుంది. తవ్వకంలో కొలత కోసం వదిలే మట్టి దిమ్మలను కొలతలు అయ్యేదాకా తీయకూడదు. వాటి ఫొటో ఉంటే మీ చేతిలో సగం లెవెల్స్ ఉన్నట్లే.

ఉపాధి హామీ నిధులతో జరిగిన పనులకు సామాజిక తనిఖీ అనే మరో వేదిక ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఈ పద్ధతి తర్వాత దేశానికి నమూనా అయింది. తనిఖీ బృందం ఊరికి వచ్చినప్పుడు మీ కొలతల పుస్తకం నకలు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి, గ్రామసభలో చదివి వినిపించమనండి.

తుపాను పనులు

మన తీరానికి ఇది ప్రత్యేకం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన స్తంభాలు, తెగిన రోడ్లు, ఆగిన తాగునీరు చూసినవారికి, అలాంటి రోజుల్లో టెండరు పిలిచి కూర్చోలేమని వేరే చెప్పనక్కర్లేదు. నామినేషన్ మీద పని అప్పగించడం అప్పుడు న్యాయమే. ఆ అవసరం తీరాక కూడా అదే పేరుతో పనులు రాస్తుంటేనే ఇబ్బంది. కాబట్టి అత్యవసర పనుల విషయంలో ఎంపికను ప్రశ్నించడం కంటే మూడు వివరాలు తెప్పించుకోవడం మేలు: నష్టం అంచనా వేసిన తేదీ, పని ఎక్కడ జరిగిందో చూపే ఫొటోలు, అదే చోట అంతకుముందు ఏడాదిలో మరో పద్దు కింద బిల్లు అయిందా అన్నది. ఒకే గండిని రెండు శాఖలు పూడ్చినట్లు రాయడం ఈ మూడో వివరంతోనే దొరుకుతుంది.

వస్తువుల కొనుగోళ్లు, అంటే వసతి గృహాల సరుకులు, పాఠశాలల బల్లలు, ఆసుపత్రి సామగ్రి వంటివి కొలతకు తేలిక గాని కంటికి దొరకవు. వాటికి కొనుగోలు ఉత్తర్వు, సరఫరా చలానా, స్టాక్ రిజిస్టరు ఈ మూడింటినీ ఒకే తేదీల పరిధికి అడిగితే సరిపోతుంది. మూడింటిలో సంఖ్య ఒకటే ఉండాలి.

తేడా దొరికితే

మొదట కార్యనిర్వాహక ఇంజనీరుకు రాయండి. ఆరోపణ మాటలు వద్దు. అంచనాలో ఇంత, ఎం-బుక్‌లో ఇంత, మా కొలతలో ఇంత అని పట్టికగా పెట్టి, చివరి బిల్లుకు ముందు ఉమ్మడి కొలత జరపమని అడగండి. నకలు క్వాలిటీ కంట్రోల్ విభాగానికి పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం ఇచ్చి నంబరు తీసుకోండి. బిల్లు ఎక్కడిదాకా వెళ్లిందో రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు నంబరుతో చూసుకోవచ్చు. లంచం సంగతి అయితే అవినీతి నిరోధక శాఖకు చెప్పండి. అధికారి దుష్ప్రవర్తన మీద 1983 చట్టం కింద ఏర్పడిన లోకాయుక్తకు ప్రమాణపత్రంతో ఫిర్యాదు పంపవచ్చు. అన్నిచోట్లకూ ఒకే రోజు పంపేవారిని చూస్తుంటాం. దానివల్ల ప్రతి కార్యాలయమూ మరొకటి చూస్తోందిలే అనుకొనే అవకాశం ఎక్కువ. ఒక్కో మెట్టుకు గడువు రాసుకొని, దాటాకే పై మెట్టుకు వెళ్లండి.

మీ కొలతే తప్పని ఉమ్మడి కొలతలో తేలితే, ఆ మాటను కూడా అదే గ్రామసభలో చెప్పాలి. అలా చెప్పిన బృందం మాటను తర్వాతి పనికి ఏఈలు కూడా వింటారు.

బిల్లు అయిపోయిన పనిని కూడా పూర్తిగా వదిలేయనక్కర్లేదు. ఒప్పందంలో లోపాల బాధ్యత కాలం అని ఒక నిబంధన ఉంటుంది, సాధారణంగా రెండేళ్లు. ఆ కాలంలో వచ్చిన పగుళ్లను కాంట్రాక్టరు తన ఖర్చుతో సరిచేయాలి, బిల్లుల్లోంచి పట్టి ఉంచిన డిపాజిట్టు అప్పటిదాకా తిరిగి ఇవ్వకూడదు. పని పూర్తయినట్లు రాసిన తేదీని ఒప్పందం నకలు మీద ఎర్రసిరాతో గుర్తు పెట్టుకొని, కాలం ముగియడానికి రెండు నెలల ముందు బృందంతో రోడ్డంతా నడిచి, ప్రతి పగులుకూ ఫొటో తీసి, డిపాజిట్టు విడుదలకు ముందు మరమ్మతు చేయించమని కార్యనిర్వాహక ఇంజనీరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదును ఫైలులో దాచుకోండి.